ల్యాండ్‌లైన్ బదులు ఇంటర్నెట్ ఫోను: నెట్ కంపెనీ ఇచ్చేదా, విడిగా తీసుకునేదా?

పాత నంబరు పోకూడదు, పాత ఫోనే మోగాలి, కరెంటు పోయినా పనిచెయ్యాలి. ల్యాండ్‌లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోనుకు మారదామనుకునేవాళ్లు ముందుగా చెప్పేవి ఈ మూడే. ఆ వెంటనే అడిగేది కూడా ఒకటే: "నెట్ ఇచ్చేవాళ్లే ఫోను కూడా కలిపి ఇస్తామంటున్నారు, అదే తీసుకోమంటారా? లేకపోతే విడిగా సిప్ సర్వీసు తీసుకుని అడాప్టర్ పెట్టుకోమంటారా?" సిప్ అంటే ఇంటర్నెట్ మీద కాల్స్ నడిపే పద్ధతి, అడాప్టర్ అంటే పాత ఫోనును నెట్‌కి కలిపే చిన్న పెట్టె. ఇన్నిసార్లు విన్నాక ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. మొబైల్ ఉండగా ఇంటి ఫోను దేనికి అనేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, వాళ్లకు ఈ రెండూ అక్కర్లేదు.

మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుందో చూసి ఎంచుకుందామనుకుంటే మాత్రం లాభం లేదు. లోపల జరిగేది రెండింట్లోనూ ఒకటే. కాల్ కలపడం, తెంచడం సిప్ చూసుకుంటుంది. మాట చిన్న చిన్న ప్యాకెట్లుగా, మామూలుగా 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున, వెళ్తూ ఉంటుంది. మాటను అంకెలుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. జి.711 అనే కోడెక్ వాడితే ప్యాకెట్ల పైబరువుతో కలిపి ఒక్కో వైపుకు సెకనుకు 90 కిలోబిట్ల లోపే. ఇప్పటి ఏ ఫైబర్ కనెక్షన్‌కైనా అది లెక్కలోకే రాదు. పైగా పాత ఫోను సెట్టు వాడినంతకాలం వినిపించేది ఆ పాత 300–3400 హెర్ట్జ్ గొంతే. రెండు చివర్లా కొత్త తరం ఫోన్లు ఉండి, మధ్యలో అందరూ జి.722 లాంటి కోడెక్ ఒప్పుకుంటేనే "హెచ్‌డీ వాయిస్" అన్నది నిజమవుతుంది. ప్రకటనలో ఆ మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

నెట్ కంపెనీ ఇచ్చే ఫోనులో ఉన్న సుఖం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే అది నిజమైన సుఖమే. ఫైబర్ పెట్టె వెనకాల ఒక ఫోను జాక్ ఉంటుంది. పాత ఫోను తీగ అందులో గుచ్చితే డయల్ టోన్ వస్తుంది, అంతే. సెట్టింగుల జోలికి వెళ్లే పనిలేదు. ఇంకో సంగతి, చాలా కంపెనీలు ఫోను ప్యాకెట్లను తమ నెట్‌వర్క్‌లో వేరే దారిన, అంటే వేరే వీలాన్‌లో, ముందు వరసలో పంపుతాయి. పక్క గదిలో ఎవరో పెద్ద ఫైలు ఎక్కిస్తున్నా మీ మాట తెగదు. ఫోను పలకకపోతే ఫిర్యాదు చెయ్యాల్సింది ఒక్క చోటే. "అది మా తప్పు కాదు, నెట్ వాళ్లది" అని చెప్పి తప్పించుకునే దారి వాళ్లకు ఉండదు.

మరి తేడా ఎక్కడ? నంబరు తాళం ఎవరి దగ్గర ఉంటుందన్న దగ్గర. నా లెక్కలో తేల్చేది ఇదొక్కటే, మిగతావన్నీ సర్దుకుపోవచ్చు.

ఇంటర్నెట్ ఫోను అంటే నిజానికి మూడు వివరాలు: ఒక సర్వర్ పేరు, ఒక యూజర్ పేరు, ఒక పాస్‌వర్డ్. ఈ మూడూ ఏ పరికరంలో పెడితే నంబరు అక్కడ మోగుతుంది. నెట్ కంపెనీలు చాలావరకు ఈ మూడూ మీకు చెప్పవు. తమ పెట్టెలోనే పెట్టి తాళం వేస్తాయి. చెప్పినా, వాళ్ల సర్వర్ వాళ్ల సొంత నెట్‌వర్క్ నుంచి వచ్చే కనెక్షన్‌నే ఒప్పుకునేలా పెట్టుకోవడం మామూలే. దాంతో ఏమవుతుందో చూడండి. రేపు నెట్ నెమ్మదించిందనో, పక్కవాళ్లు తక్కువకిస్తున్నారనో కంపెనీ మారదామనుకుంటారు. ఫోను కూడా మారాలి. ఇల్లు మారారు, కొత్త చోట ఆ కంపెనీ లేదు. నంబరు గోవిందా, లేదంటే మళ్లీ నంబరు మార్పిడి, అంటే అదే నంబరును ఇంకో కంపెనీకి మార్చుకునే తతంగం. రాగి తీగ కాలంలో నంబరు ఎక్స్ఛేంజికి కట్టుబడి ఉండేది. ఇంటర్నెట్ మీదికి వచ్చాక ఆ కట్టు సాంకేతికంగా తెగిపోయింది. కానీ నెట్, ఫోను ఒకే బిల్లులో పడగానే మళ్లీ అదే ముడి మన చేతులతో మనమే వేసుకుంటాం.

విడిగా తీసుకునే సర్వీసులో ఆ మూడు వివరాలూ మీ అకౌంటు పేజీలో కనిపిస్తాయి. గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801 లాంటి ఒక్క జాక్ అడాప్టర్‌తో పని ఎలా ఉంటుందో చెబుతాను, ఎంత భయపడాలో మీరే తేల్చుకోండి. అడాప్టర్‌ని నెట్ తీగతో రూటర్‌కి కలపాలి, ఫోనుని దానికి గుచ్చాలి. రిసీవర్ ఎత్తి స్టార్ మూడుసార్లు నొక్కితే ఒక గొంతు పలుకుతుంది. అప్పుడు 02 నొక్కితే అడాప్టర్ ఐపీ అడ్రసు చదివి వినిపిస్తుంది. ఆ అంకెలు కంప్యూటర్ బ్రౌజర్‌లో కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది. ఎఫ్ఎక్స్ఎస్ పోర్ట్ అన్న పేజీలో సర్వర్, యూజర్, పాస్‌వర్డ్ నింపి సేవ్ చేస్తే స్టేటస్ పేజీలో "రిజిస్టర్డ్" అని కనబడుతుంది. అంతే. ఆ తర్వాత ఇంట్లో వాళ్లు చేసే మొదటి ఫిర్యాదు కూడా ముందే చెబుతున్నా: "నంబరు కొట్టాక కాసేపు చడీచప్పుడూ ఉండట్లేదు." ఇంకా అంకెలు వస్తాయేమోనని అడాప్టర్ కొన్ని సెకన్లు ఎదురుచూస్తుంది. చివర హ్యాష్ నొక్కడం అలవాటు చేస్తే వెంటనే కలుస్తుంది.

అవే వివరాలు మొబైల్లో లిన్‌ఫోన్, జోయిపర్ లాంటి యాప్‌లో కూడా పెట్టుకోవచ్చు. చాలా సర్వీసుల్లో ఒకే నంబరు ఇంట్లోనూ, మీ జేబులోనూ కలిసి మోగేలా చేసుకోవచ్చు. ఊళ్లో లేనప్పుడు ఇంటి నంబరుకు వచ్చిన కాల్ తీసుకోవడం ఒకసారి అలవాటైతే వెనక్కి వెళ్లబుద్ధి కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. విడి సర్వీసుల్లోనే కొన్ని "అడాప్టర్ ఉచితం" అంటాయి. ఆ పెట్టె వాళ్లకే తాళం వేసి ఉంటుంది, మానేస్తే ఇంకెక్కడా పనిచెయ్యదు. పేరుకు విడిదే గానీ కథ మాత్రం నెట్ కంపెనీ కథే. చేరే ముందు రెండే ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: సిప్ వివరాలు ఇస్తారా, నంబరు బయటికి తీసుకెళ్లనిస్తారా. రెండింటికీ ఔననేవాళ్లు మిగతా విషయాల్లో కాస్త అటూఇటూగా ఉన్నా నేను వాళ్ల వైపే. స్కైప్ 2025 మేలో మూతపడింది. అంత పెద్ద పేరే ఆగిపోయినప్పుడు చిన్న సర్వీసు రేపు ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? నంబరు మనతో వస్తుందంటే సర్వీసు పోయినా పెద్ద నష్టం లేదు.

విడి సర్వీసుతో వచ్చే తలనొప్పులు కూడా దాచకూడదు. అన్నింటికన్నా ఎక్కువగా వచ్చేది: కాల్ కలుస్తుంది, అవతలివాళ్లకు మనం వినబడతాం, వాళ్లు మనకు వినబడరు. లేదా ఫోను కాసేపటికి మోగడమే మానేస్తుంది, మనం చేస్తే మాత్రం వెళ్తుంది. చాలాసార్లు కారణం రూటర్లో ఉండే సిప్ ఏఎల్‌జీ అనే సౌకర్యం. సాయం చేద్దామని ప్యాకెట్లలో వేలుపెట్టి చెడగొడుతుంది. దాన్ని ఆపెయ్యాలి. అడాప్టర్లో కీప్ అలైవ్ అన్నది ఆన్ చెయ్యాలి, లేకపోతే రూటర్ ఆ దారిని మర్చిపోతుంది, బయటి కాల్ లోపలికి రాదు. ఇక మాట ముక్కలుముక్కలుగా వస్తోందంటే డౌన్‌లోడ్ స్పీడు చూసుకుని బుర్ర గోక్కోకండి, అప్‌లోడ్ చూడండి. ఫోటోలు క్లౌడ్‌కి ఎక్కే వేళ చాలా ఇళ్లలో అదే నిండిపోతుంది. ఆలస్యం ఒక వైపుకు 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య ప్రమాణం చెబుతుంది. అది దాటిపోతే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగి, "చెప్పండి చెప్పండి" అనుకోవడమే. రూటర్లో ఫోనుకు ముందు వరస ఇచ్చే క్యూఓఎస్ ఉంటే వాడండి.

ఇంకొకటి డబ్బుకు సంబంధించింది. సిప్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనైనా పడితే రాత్రికి రాత్రి మీ ఖాతా నుంచి ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ వెళ్లిపోతాయి. పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టండి, అడాప్టర్ పేజీని బయటి ఇంటర్నెట్‌కి తెరవకండి, విదేశీ కాల్స్ అవసరం లేకపోతే అకౌంట్లో ఆపెయ్యండి. ముందుగా డబ్బు వేసుకుని వాడే ప్లాన్ అయితే పోయేది ఆ వేసినంతే.

కరెంటు సంగతి. ఇందులో రెండూ ల్యాండ్‌లైన్ ముందు ఓడిపోయినవే. రాగి తీగకు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టులు వచ్చేవి కాబట్టి ఇంట్లో చీకటైనా ఫోను బతికి ఉండేది. ఇప్పుడు ఫైబర్ పెట్టె, రూటర్, అడాప్టర్ మూడూ మన కరెంటు మీదే. అన్నీ కలిపి మామూలుగా 15–20 వాట్లు, కాబట్టి రూటర్ల కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ చాలు. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే కాగితం మీద 84 వాట్ అవర్లు. ఆచరణలో మూడు నాలుగు గంటలు లాగుతుంది. తీగలేని కార్డ్‌లెస్ ఫోను బేస్‌కి కూడా కరెంటు కావాలని చాలామంది మర్చిపోతారు. ఒక మామూలు తీగ ఫోను మూల ఉంచుకోండి. నెట్ కంపెనీ ఫోనుకు ఒక పెట్టె తక్కువ కాబట్టి ఇక్కడ కాస్త ముందుంటుంది. కానీ వీధిలో వాళ్ల పరికరానికే కరెంటు లేకపోతే మన యూపీఎస్ ఏం చేస్తుంది? అలాంటప్పుడు మంచి విడి సర్వీసులు "అడాప్టర్ అందకపోతే ఫలానా మొబైల్‌కి పంపు" అన్న ఏర్పాటు ఇస్తాయి. చేరిన రోజే అది పెట్టేసుకోండి.

అత్యవసర నంబర్ల మాట. ఇంటర్నెట్ ఫోను ఎక్కడి నుంచి చేస్తున్నామో దానంతటదే తెలియదు, నమోదు చేసిన చిరునామానే పంపుతుంది. విడి సర్వీసులు కొన్నింటిలో అత్యవసర కాల్స్ అసలు ఉండవు. అడాప్టర్ ఇంకో ఇంటికి తీసుకెళ్లి చిరునామా మార్చకపోతే అంబులెన్సు పాత ఇంటికి వెళ్తుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో, రూటర్ ముట్టుకునే మనిషి లేనిచోట, ఈ ఒక్క కారణంతో నేను నెట్ కంపెనీ ఫోనే పెట్టిస్తాను. తాళం గురించి ఇంత చెప్పాక కూడా. మిగతా ఇళ్లన్నింటికీ విడి సర్వీసు, తాళం లేని సొంత అడాప్టర్.

మిగిలినవి చకచకా. వాట్సాప్ లాంటివి ల్యాండ్‌లైన్‌కు బదులు కావు, వాటి నుంచి మామూలు నంబరుకు కాల్ వెళ్లదు. సిమ్ వేసి పాత ఫోను గుచ్చుకునే పెట్టెలు దొరుకుతాయి. ఫైబర్ రాని చోట పనికొస్తాయి, సిగ్నల్ బాగుంటే. ఫ్యాక్స్ ఉన్నవాళ్లు ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపే టీ.38 పద్ధతి ఉందో లేదో అడగండి, లేకపోతే ఫ్యాక్స్ మానెయ్యండి. ఇంటి అలారం పాత లైను మీద ఉంటే అలారం వాళ్లతో మాట్లాడకుండా ఏదీ కదపకండి.

అడాప్టర్‌ని గోడలోని పాత ఫోను తీగలకు కలిపి అన్ని గదుల్లోనూ మోగించాలనుకుంటే, ముందు బయటి నుంచి వచ్చే కంపెనీ తీగను ఊడదీయించండి. ఆ తీగలో ఇంకా వోల్టేజి ఉంటే అడాప్టర్ మాడిపోవచ్చు.

నంబరు మార్పిడి విషయంలో వరస తప్పకూడదు. పాత లైను ముందు రద్దు చేస్తే నంబరు కంపెనీ ఖాతాలోకి పోతుంది, తిరిగి రావడం కష్టం. లైను నడుస్తుండగానే కొత్త సర్వీసు ద్వారా దరఖాస్తు పెట్టాలి, బిల్లులో ఉన్న పేరు, చిరునామా అక్షరం తేడా లేకుండా రాయాలి. కొన్ని దేశాల్లో ల్యాండ్‌లైన్ నంబరును ఇంకో కంపెనీకి మార్చుకునే వీలే లేదు, అక్కడ కొత్త నంబరుతో సరిపెట్టుకోవాలి. నెట్ కూడా ఆ రాగి తీగ మీదే డీఎస్‌ఎల్‌గా వస్తుంటే నంబరు వెళ్లగానే నెట్ కూడా ఆగిపోవచ్చు, కాబట్టి ముందు కొత్త నెట్ పెట్టించుకోండి. నంబరు వచ్చిందని మెసేజ్ వచ్చాక రెండు మూడు వేర్వేరు మొబైల్ కంపెనీల నుంచి కాల్ చేయించి చూడండి. అన్ని నెట్‌వర్క్‌లూ ఒకేసారి కొత్త దారి పట్టవు, కాబట్టి అన్ని కాల్సూ కొత్తదానిలోనే మోగేదాకా పాత జాక్‌లో కూడా ఒక ఫోను ఉంచండి.