ఫ్రోజెన్ బెర్రీలు కొనేవాళ్ళు జాగ్రత్త: కరిగిపోయినవి మళ్ళీ గడ్డకట్టించి అమ్ముతున్నారు

కోపం చల్లారాక రాద్దామంటే ఈలోపు ఇంకో పదిమంది కొనేస్తారు. క్రిస్మస్ ఆర్డర్లు మొదలయ్యాయి. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు ఇంట్లో కేకులు చేసే ఆడవాళ్ళం చాలామందిమి సామాను ఒకే షాపులో తెచ్చుకుంటాం. విప్పింగ్ క్రీము, కాంపౌండ్ చాక్లెట్, కేకు బోర్డులు, ఫ్రోజెన్ పండ్లు అన్నీ ఒకేచోట దొరికే షాపు. పేరు రాయడం లేదు, ఏ షాపో మీకు తెలుసు.

మా ఆడపడుచు కూతురి పుట్టినరోజు. బ్లూబెర్రీ కేకే కావాలని పిల్ల నెల ముందునుంచీ అడుగుతోంది. కిలో బ్లూబెర్రీ, అరకిలో మిక్స్‌డ్ బెర్రీ తీసుకున్నాను. పదిహేను వందల పైనే అయింది. ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. రొయ్యల ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, గడ్డకట్టిన సరుకు ఎలా తీసుకెళ్ళాలో నాకు తెలుసు.

ఇంటికొచ్చి కవరు కత్తిరిస్తే లోపల పండ్లు లేవు. ఊదారంగు ఐసు దిమ్మ ఒకటి ఉంది. రసమంతా ఒక మూలకి జారి అక్కడే బిగుసుకుపోయింది. మిక్స్‌డ్ ప్యాకెట్ ఇంకా ఘోరం. రాస్ప్‌బెర్రీలు ముద్దయిపోయాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మధ్యాహ్నపు కల్లులా పులుపు వాసన గుప్పుమంది.

మంచి సరుకు ఇలా ఉండదు. కోసి, శుభ్రం చేసిన పండ్లని ఒకదానికొకటి అంటుకోకుండా, బాగా చల్లని గాలి కొట్టి నిమిషాల్లో గడ్డకట్టిస్తారు. దాన్నే ఐక్యూఎఫ్ అంటారు. మన వనామీ రొయ్యల్లో చాలా సరుకు అమెరికా వెళ్ళేది కూడా ఈ పద్ధతిలోనే, ఆ ప్లాంట్లలో పనిచేసే మనిషి లేని వీధి మా వైపు ఉండదు. అలా తయారైన ప్యాకెట్‌ని ఊపితే పండ్లు లోపల గలగలమనాలి. మా తమ్ముడు ఒక ప్లాంటులోనే చేస్తాడు. దిమ్మని ఇలా పట్టుకుని చూసి, "అక్కా, ఇది ఒకసారి కరిగింది కాదు, చాలాసార్లు కరిగింది" అన్నాడు. త్వరగా గడ్డకడితే పండులో మంచు పలుకులు సన్నగా ఉంటాయి. కరిగినదాన్ని షాపు ఫ్రీజర్‌లో పెడితే మెల్లగా గట్టిపడుతుంది. అప్పుడు పలుకులు పెద్దవై పండు లోపలి పొరల్ని చీల్చేస్తాయి, రసం బయటికి కారిపోతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర కదలకుండా ఉన్న సరుకుకి ఈ గతి పట్టదు.

మర్నాడు పొద్దున్నే, అదే ఐసు పెట్టెలో రెండు ప్యాకెట్లూ పెట్టుకుని షాపుకి వెళ్ళాను. షాపాయన వాటివైపు చూడను కూడా లేదు. "ఇంటికి తీసుకెళ్ళి కరగబెట్టేసి మా మీద పడితే ఎలాగండి?" అన్నాడు. పెట్టె మూత తీసి ఐసు చూపించాను. కొన్న రోజే తీసిన ఫోటోలు చూపించాను. అప్పుడు మాట మార్చాడు. "ఫ్రోజెన్ అంటే గడ్డగానే ఉంటాయమ్మా. రాత్రంతా బయట పెట్టి, శుభ్రంగా కడిగి, అప్పుడు పిండిలో కలుపుకోవాలి. వాడటం రానివాళ్ళు ఎందుకు కొంటారో."

షాపులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళున్నారు. అందులో ఒకావిడ, చేతిలో అదే బ్లూబెర్రీ ప్యాకెట్ పట్టుకుని, ఆయన చెప్పింది నిజమేనన్నట్టు తలూపింది.

అప్పుడు పక్కన డబ్బాలు సర్దుతున్న కుర్రాడు కల్పించుకున్నాడు. నన్ను సముదాయించడానికే అన్నాడు పాపం. "రాత్రి షట్టర్ వేసేటప్పుడు మెయిన్ ఆపేస్తాం కదండీ, పొద్దున్నకి కొంచెం మెత్తబడతాయి. మళ్ళీ గట్టిపడిపోతాయండి, ఏం కాదు."

షాపంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. వాడు అన్నది తప్పని కూడా వాడికి తెలియదు. ఆయనకి మాత్రం తెలుసు. మొహం జేవురించిపోయింది. "నోరు మూసుకుని పని చూసుకో" అని కుర్రాడి మీద విరుచుకుపడి నా వైపు తిరిగాడు. అప్పటిదాకా మేడంగారూ, అండీ అన్న మనిషి ఒక్కసారిగా ఏకవచనంలోకి దిగిపోయాడు. "పూతరేకులు తినే ఊళ్ళో నీకు బ్లూబెర్రీలెందుకు? చేతకాకపోతే ఆత్రేయపురం వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చి పెట్టు పిల్లకి. పొద్దున్నే ఇక్కడ రాద్ధాంతం చెయ్యకు." అంటూ నా ప్యాకెట్‌ని కౌంటర్ మీదికి విసిరాడు. దబ్బుమని పడింది. అక్కడున్నవాళ్ళందరూ విన్నారు ఆ చప్పుడు. పండ్ల ప్యాకెట్ అలా చప్పుడు చేయదు.

బిల్లు చూపించు అన్నాడు. ఆ షాపులో బిల్లు ఎవరికిచ్చారు ఇంతవరకూ? తెల్ల చిట్టీ మీద "ఫ్రూట్" అని, పక్కన మొత్తం. అదే తీసి చూపిస్తే, "ఇది మా రాత కాదు" అన్నాడు. నా కళ్ళెదుట, తన చేత్తో రాసిచ్చిన చిట్టీ అది.

డబ్బు పోయింది, పోనీ. ఆ పూతరేకుల మాట మాత్రం నేను మర్చిపోలేను. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క విసురులో అంత పల్చని రేకు తీసే ఆడవాళ్ళున్న చోటు ఇది. వాళ్ళ పనిని పట్టుకుని, ఎదుటి మనిషిని కించపరచడానికి వాడుకున్నాడు. మా పిల్ల కొబ్బరి కేకు మీద కొవ్వొత్తులు ఊదింది, నీలం పండ్లు ఏవత్తా అని అడిగింది. ఏం చెప్పను?

ఇంటికొచ్చాక ఒక విషయం అర్థమైంది, మీరందరూ తెలుసుకోవాల్సింది అదే. రాత్రంతా బయట పెట్టి వాడమని అందరికీ ఎందుకు చెప్తున్నాడు? దిమ్మని కరిగించకుండా ఎవరూ వాడలేరు. కరిగించాక పండు చితికినా, కేకు కూలినా, రంగు మారినా అది మన చేతకానితనం కింద పోతుంది. ఫ్రీజర్ ఆపిన తప్పు షాపు గడప దాటి మన వంటింట్లోకి వచ్చేస్తుంది. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది, నాకే బేకింగ్ సరిగ్గా రాలేదేమో అనుకుని ఊరుకున్నారో.

కాబట్టి ఆయన మాట విన్నవాళ్ళకి, ముఖ్యంగా ఆ తలూపిన అక్కకి చెప్తున్నాను. కేకుకీ, మఫిన్లకీ ఫ్రోజెన్ బెర్రీలు కరిగించకండి. ఫ్రీజర్ నుంచి నేరుగా పిండిలోకే వెళ్ళాలి. రెండు కప్పుల మైదాకి ఒకటి, ఒకటిన్నర కప్పు పండ్లు చాలు. అదే మైదాలోంచి ఒక పెద్ద చెంచా తీసి గడ్డ పండ్ల మీద జల్లి, పైపైన కలపండి. పండు మీది తడిని ఆ పొడి పట్టేస్తుంది, రంగు కారడం తగ్గుతుంది. కేకు పిండి కాస్త గట్టిగా ఉండాలి, పల్చగా ఉంటే పండ్లన్నీ అడుగుకి చేరతాయి. అన్నీ కలిపేశాక చిట్టచివర పండ్లు వేసి, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి వెంటనే ఓవెన్‌లో పెట్టేయండి. చల్లటి పండ్లు పిండిని కూడా చల్లబరుస్తాయి కాబట్టి 180 డిగ్రీల దగ్గర మామూలుకన్నా ఐదు పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. గడియారాన్ని కాదు, మధ్యలో గుచ్చిన పుల్లని నమ్మండి.

కేకు లోపల పండు చుట్టూ ఆకుపచ్చగా మారిందని కొందరు భయపడతారు. అది పాడవడం కాదు. బ్లూబెర్రీ రంగుకి పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సోడా ఎక్కువైతే నీలంగా, పచ్చగా మారుతుంది. వంటసోడా తగ్గించి బేకింగ్ పౌడర్ వాడండి, లేదా కొంచెం పుల్లటి పెరుగు కలపండి. సరిపోతుంది.

స్ట్రాబెర్రీ మాత్రం పిండిలో వేయడానికి అంత మంచిది కాదు. నీళ్ళు ఎక్కువ, కేకులో పండు చుట్టూ తడి గుంటలు పడతాయి. దాన్ని ఉడికించుకోవడమే మేలు. ఉడికించడం ఎంత సులువంటే, అన్నం వార్చేలోపు అయిపోతుంది. రెండు కప్పుల గడ్డ పండ్లు, మూడు చెంచాల పంచదార, ఒక చిన్న చెంచా నిమ్మరసం గిన్నెలో వేసి మధ్యస్థం మంట మీద పెట్టండి. నీళ్ళు పోయకండి, పండ్లే వదులుతాయి. పది నిమిషాలకి చిక్కబడుతుంది. కేకు పొరల మధ్యకి కావాలంటే చెంచా కార్న్‌ఫ్లోర్ చన్నీళ్ళలో కలిపి పోసి ఇంకాస్త ఉడకనివ్వండి. పూర్తిగా చల్లారాకే క్రీము మీద వేయాలి. మిగిలింది పెరుగులో కలిపినా, పిల్లలకి అట్టు మీద రాసిచ్చినా బావుంటుంది. మా ఇంట్లో అయితే కొబ్బరిపాలు కలిపి చల్లగా తాగుతారు.

ఐసింగ్ పెట్టే ఓపిక లేనిరోజు క్రంబుల్ చేసుకోండి. ట్రేలో గడ్డ పండ్లు పరిచి, కొంచెం పంచదార, చెంచా కార్న్‌ఫ్లోర్ జల్లండి. చల్లటి వెన్న, మైదా, పంచదార, ఓట్స్ వేళ్ళతో నలిపి పొడిపొడిగా పైన పోయండి. 180 దగ్గర ముప్పావుగంట. అంచుల్లో రసం బుడబుడమంటూ పైకి వస్తే అయిపోయినట్టే.

ఇవన్నీ మంచి పండ్లతో. కాస్త అంటుకున్నవి, వాసన బాగున్నవి అయితే ఉడికించే వంటలకి పనికొస్తాయి. పులుపు వాసన వచ్చినవాటిని ఏం చేసినా బాగుచేయలేం, పారేయాల్సిందే. వెయ్యి రూపాయలు పోశామని పిల్లలకి పెట్టకండి. గడ్డకట్టించడం వల్ల క్రిములు చావవు, నిద్రపోతాయంతే. వెచ్చబడిన ప్రతిసారీ ఈస్టూ బూజూ మళ్ళీ లేస్తాయి. వైరస్‌ల సంగతి వేరు, అవి తోట దగ్గరో శుభ్రం చేసేచోటో పట్టుకుంటే ఫ్రీజర్‌లో నెలలు బతుకుతాయి. 2012లో జర్మనీలో బడి భోజనాల్లో పెట్టిన ఫ్రోజెన్ స్ట్రాబెర్రీల వల్ల దాదాపు 11 వేల మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, ఎక్కువమంది పిల్లలే. నోరోవైరస్ అని తేలింది. ఇంట్లో గర్భిణులు, పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే స్మూతీల్లో, లస్సీల్లో పచ్చిగా వేయకుండా ఒక నిమిషమైనా తెర్లనిచ్చి చల్లార్చి వాడండి.

కొనేటప్పుడు ప్యాకెట్ ఊపి చూడండి, గలగలమనకపోతే అక్కడే వదిలేయండి. కవరు లోపల మందంగా మంచు పేరుకున్నా, ఊదా మరకలున్నా వద్దు. కంపెనీ సీలు లేకుండా జిప్ కవర్లో పోసి స్టిక్కర్ అంటించినవి అసలు ముట్టుకోకండి. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాళ్ళ పేరు, చిరునామా, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు లేబుల్ మీద ఉండి తీరాలి. నాకిచ్చిన మిక్స్‌డ్ ప్యాకెట్ మీద ఇవేవీ లేవు, ఒక తేదీ స్టాంపు మాత్రం ఉంది. బిల్లు అడిగి తీసుకోండి, ఇవ్వనంటే కొనకండి.

నేను 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా ఫోటోలతో పెట్టాను. రెండు ప్యాకెట్లూ మా తమ్ముడి సాయంతో సీలు వేసి ఫ్రీజర్‌లో దాచాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తాను. ఈ షాపులో ఇలాంటి దిమ్మలే కొన్నవాళ్ళెవరైనా ఉంటే ప్యాకెట్ పారేయకండి. లేబుల్ రెండువైపులా, లోపలి దిమ్మ, ఆ తెల్ల చిట్టీ ఫోటో తీసి, కొన్న తేదీతో మీరు కూడా 1915కి చెప్పండి. ఆ కుర్రాడి పేరు మాత్రం ఎవరూ ఎక్కడా రాయకండి. నిజం చెప్పినందుకు వాడి ఉద్యోగం పోకూడదు.