యూఎస్‌బీఏఎస్‌పీ: డాట్ బోర్డు మీద కట్టుకునే ఏవీఆర్ ప్రోగ్రామర్

ఏవీఆర్ మైక్రోకంట్రోలర్ చిప్‌లతో పనిచేసేవాళ్లలో చాలామంది ప్రోగ్రామర్‌ను, అంటే కంప్యూటర్ నుంచి చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే పరికరాన్ని, రెడీమేడ్‌గా కొనేస్తారు. థామస్ ఫిష్ల్ డిజైన్ చేసిన యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్‌ను నేను డాట్ బోర్డు (వరుసగా రంధ్రాలుండే బోర్డు) మీద సోల్డర్ చేసుకుని దానితోనే పని చేస్తున్నాను. నా బల్ల మీదున్న పరికరాల్లో మొదటి తీగ నుంచి చివరి తీగ దాకా నాకు తెలిసినది ఇదొక్కటే. ఏదైనా పని చేయనప్పుడు ఎక్కడ వెతకాలో తెలియడం ఎంత సుఖమో చెప్పలేను. చిప్ మాట వినకపోతే అడాప్టర్‌ని అనుమానించాలా, డ్రైవర్‌ని అనుమానించాలా అని తల పట్టుకునే పని ఉండదు.

ఇందులో ఉండేది ఒక ఏటీమెగా8 (ఇదీ ఏవీఆర్ చిప్పే), దానికి క్లాక్ ఇచ్చే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, దానికి రెండు చిన్న కెపాసిటర్లు, రెండు 3.6 వోల్టుల జెనర్ డయోడ్లు, ఒకట్రెండు ఎల్‌ఈడీలు, కొన్ని రెసిస్టర్లు. అంతే. యూఎస్‌బీ కోసం వేరే ఐసీ లేదు. ఆబ్జెక్టివ్ డెవలప్‌మెంట్ వాళ్ల వీ-యూఎస్‌బీ అనే ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్) ఆ పనంతా సాఫ్ట్‌వేర్‌లోనే చేసేస్తుంది. లో-స్పీడ్ యూఎస్‌బీ వేగం సెకనుకు 1.5 మెగాబిట్లు. 12 మెగాహెర్ట్జ్ మీద నడిచే చిప్‌కి ఒక్కో బిట్‌కి దొరికేది సరిగ్గా 8 క్లాక్ సైకిళ్లు. ఆ ఎనిమిదిలోనే బిట్‌ను చదవాలి, డీకోడ్ చేయాలి, దాచుకోవాలి. అసెంబ్లీలో రాసిన ఆ కోడ్‌ను తెరిచి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం రెడీమేడ్ బోర్డు ఏదీ ఇవ్వలేదు. క్రిస్టల్ ఎందుకు తప్పనిసరో కూడా అక్కడే అర్థమవుతుంది. ఈ లెక్కకు చిప్ లోపలి ఆసిలేటర్ సరిపోదు.

కట్టేటప్పుడు శ్రద్ధ పెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. చిప్ 5 వోల్టుల మీద నడుస్తుంది, యూఎస్‌బీ డేటా లైన్లు మాత్రం 3.6 వోల్టులు దాటకూడదు. జెనర్లు ఉన్నది అందుకే. అరవాటు లేదా అంతకన్నా చిన్నవి వాడండి. ఒక వాటు జెనర్లకు కెపాసిటెన్స్ ఎక్కువ, సిగ్నల్ అంచులు మొద్దుబారిపోతాయి, కంప్యూటర్ పరికరాన్ని గుర్తించదు. పుల్-అప్ రెసిస్టర్ (లైన్‌ను పై వోల్టేజీకి లాగి ఉంచేది) రెండు డేటా లైన్లలో డీ మైనస్ మీదే ఉండాలి. డీ ప్లస్ మీద పెడితే అది ఫుల్-స్పీడ్ పరికరమని కంప్యూటర్ అనుకుంటుంది. 20వ పిన్ను ఏవీసీసీని (చిప్ అనలాగ్ భాగానికి సప్లై) కూడా 5 వోల్టులకు కలపాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. 100 నానోఫారడ్ కెపాసిటర్‌ను 7, 8 పిన్నులకు ఆనుకునేలా పెట్టండి. క్రిస్టల్ కాళ్లు పొట్టిగా ఉంచండి. చిప్‌ను నేరుగా సోల్డర్ చేయకండి, 28 కాళ్ల సాకెట్ వేయండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ప్రోగ్రామర్‌లోని చిప్‌కి ప్రోగ్రామ్ ఎక్కించాలంటే ప్రోగ్రామర్ కావాలి కదా? ఆర్డుయినో ఊనో బోర్డు ఉంటే చాలు. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ఆర్డుయినో ఐఎస్‌పీ స్కెచ్‌ను (ప్రోగ్రామ్‌ను) అందులో వేసి, 10వ పిన్నును చిప్ రీసెట్‌కి, 11ను మోసీకి (చిప్‌లోకి వెళ్లే డేటా), 12ను మీసోకి (చిప్ నుంచి వచ్చే డేటా), 13ను ఎస్‌సీకేకి (క్లాక్) కలపండి. స్కెచ్ ఎక్కాక ఊనో రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే, ఊనో తనంతట తాను రీసెట్ అవకుండా ఆగుతుంది. ముందు ఫర్మ్‌వేర్ ఎక్కించి, తర్వాత ఫ్యూజులు (చిప్ సెట్టింగులు ఉండే బైట్లు) రాయాలి: హై ఫ్యూజ్ సీ9, లో ఫ్యూజ్ ఈఎఫ్. క్రిస్టల్ మీదికి మారేది ఈ ఫ్యూజులతోనే.

వాడకంలో దీని వేగం సెకనుకు 5 కిలోబైట్ల దాకా ఉంటుందని డిజైనర్ చెప్పారు. అభిరుచి కోసం చేసే ప్రాజెక్టులకు అది ధారాళంగా సరిపోతుంది. ప్రోగ్రామర్‌ను కంప్యూటర్ నుంచి నడిపే ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్‌లో 'టార్గెట్ డజంట్ ఆన్సర్' (చిప్ పలకడం లేదు) అనే ఎర్రర్ చూడనివాళ్లు ఉండరు. దాని వెనక జరిగేది చాలా సింపుల్. ప్రోగ్రామర్ రీసెట్‌ను కిందికి లాగి, కనీసం 20 మిల్లీసెకన్లు ఆగి, ఏసీ, 53, 00, 00 అనే నాలుగు బైట్లు పంపుతుంది. మూడో బైట్ పంపేటప్పుడు చిప్ ఆ 53ను తిరిగి చెప్పాలి. చెప్పకపోతే ఈ ఎర్రరే. తీగ ఊడింది, సప్లై లేదు, లేదా క్లాక్ సరిపోలేదు. నా అనుభవంలో ఎక్కువసార్లు మూడోదే.

ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది దీని గురించే. ప్రోగ్రామింగ్ క్లాక్ అంటే ఎస్‌సీకే, టార్గెట్ చిప్ (ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిప్) క్లాక్‌లో నాలుగో వంతు కన్నా తక్కువ ఉండాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఏటీమెగా8, ఏటీటైనీ85 రెండూ 1 మెగాహెర్ట్జ్ మీదే లేస్తాయి. అంటే వాటి హద్దు 250 కిలోహెర్ట్జ్. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలు వేగం 375 కిలోహెర్ట్జ్. కొత్త చిప్ పలకకపోతే దాని తప్పేమీ లేదు! స్లో-క్లాక్ జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న ముక్క) జేపీ3 పెట్టారంటే వేగం 8 కిలోహెర్ట్జ్‌కి దిగి చిప్ వెంటనే పలుకుతుంది. రెడీమేడ్ బోర్డుల్లో చాలావాటికి ఈ జంపర్ పిన్నులే వేయరు, రంధ్రాలు వదిలేస్తారు. మీరు కట్టేటప్పుడు మాత్రం తప్పకుండా వేయండి, చేతికి అందే అంచున వేయండి. నెమ్మది వేగంలో ఫ్యూజులు మార్చి చిప్‌ను 8 మెగాహెర్ట్జ్‌కి తెచ్చుకుని, జంపర్ తీసేసి, అసలు ప్రోగ్రామ్ పూర్తి వేగంతో ఎక్కించుకోవచ్చు. 2011 ఫర్మ్‌వేర్ వేసుకుంటే ఏవీఆర్‌డ్యూడ్‌లో బీ ఆప్షన్‌తో కూడా వేగం తగ్గించవచ్చు. పాత ఫర్మ్‌వేర్ అయితే 'కెనాట్ సెట్ ఎస్‌సీకే పీరియడ్' అని హెచ్చరిక వస్తుంది.

లోపాలూ ఉన్నాయి. అసలు డిజైన్‌లో లెవల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజీని మార్చే సర్క్యూట్) లేదు, లైన్లన్నీ 5 వోల్టులే. 3.3 వోల్టుల రేడియో మాడ్యూల్ పక్కన సోల్డర్ అయి ఉన్న చిప్‌కి దీన్ని తగిలించకండి, మాడ్యూల్ పోతుంది. రీసెట్ పిన్నును మామూలు పిన్నుగా మార్చే ఫ్యూజ్ రాసేశాక ఇది ఏమీ చేయలేదు, 12 వోల్టుల హై-వోల్టేజ్ ప్రోగ్రామర్ కావాలి. ఒక్కో లైన్ ఆపి చూసే డీబగ్గింగ్ లేదు. యూపీడీఐ అనే ఒంటి తీగ పద్ధతితో ప్రోగ్రామ్ ఎక్కించుకునే కొత్త ఏవీఆర్‌లకీ, పిక్ అనే వేరే రకం చిప్‌లకీ ఇది పనికిరాదు. మీ పని వాటితోనే అయితే దీని మీద సమయం పెట్టకండి. యూపీడీఐకైతే ఒక యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్, చిన్న రెసిస్టర్ చాలు.

ఏటీమెగా328పీ, ఏటీటైనీ85, ఏటీమెగా8 లాంటి పాత తరం చిప్‌లు వాడేవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని కట్టుకోండి. 10 పిన్నుల హెడర్ పక్కనే 6 పిన్నులదీ పెట్టండి, రిబ్బన్ కేబుల్ పొట్టిగా ఉంచండి. లినక్స్‌లో పరికరాన్ని వాడే అనుమతి కోసం యూడెవ్ రూల్ ఒకటి రాసుకోవాలి, విండోస్‌లో జాడిగ్ అనే టూల్‌తో డ్రైవర్ వేసుకోవాలి.