బౌల్ గేమ్: ఆడాలా, తప్పుకోవాలా?

బౌల్ గేమ్ అంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్. 2023 డిసెంబర్ 30న అలాంటిదే ఒకటైన ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ 63-3తో జార్జియా చేతిలో చిత్తయింది. 13 మ్యాచ్‌లూ గెలిచి తన లీగ్ ఏసీసీ టైటిల్ కొట్టినా, జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో ఫ్లోరిడా స్టేట్‌కి చోటు దక్కలేదు. జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్ గాయంతో అప్పటికే దూరం. జారెడ్ వర్స్, కియాన్ కోల్‌మన్ లాంటివాళ్లు డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) చూసుకుని తప్పుకున్నారు. ఓటమికి వాళ్లనే తిట్టడం నాకు నచ్చలేదు. రెండు దారులూ పక్కపక్కన పెట్టి చూడండి.

తప్పుకుంటే: ఒళ్లు భద్రం. వర్స్ 2024 డ్రాఫ్ట్‌లో 19వ పిక్‌గా, అంటే ఎంపికలో 19వ వాడిగా, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు రామ్స్‌కి వెళ్లాడు.
ఆడితే: ఒక్క దెబ్బ చాలు. నోటర్ డామ్ కాలేజీ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) జేలన్ స్మిత్ టాప్-5లో పోతాడనుకున్నారు. 2016 ఫియస్టా బౌల్‌లో మోకాలి లిగమెంట్లు తెగాయి, 34వ పిక్‌కి జారిపోయాడు. కాంట్రాక్ట్ డబ్బులో ఆ తేడా కోట్లలో ఉంటుంది.

తప్పుకుంటే: భారం మిగిలినవాళ్ల మీద. ఆరెంజ్ బౌల్‌లో కాలేజీ మొదటి ఏడాది క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ గ్లెన్ జార్జియా డిఫెన్స్‌కి ఎదురు నిలవాల్సి వచ్చింది. చూడటానికే బాధేసింది.
ఆడితే: సీజనంతా కలిసి చెమటోడ్చిన జట్టుతో చివరి ఆట దక్కుతుంది.

డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంపిక ఖాయమైతే, టైటిల్ పోటీలో లేకపోతే తప్పుకోవడమే మేలు. డ్రాఫ్ట్‌లో పేరు ఇంకా తేలనివాడు, వచ్చే ఏడాది స్థానం కోసం చూసే కుర్రాడు ఆడాలి. ప్లేఆఫ్ మ్యాచ్ అయితే ఎవరైనా సరే, ఆడాల్సిందే.