రోడ్డు ప్రమాదంలో మనిషి పోయిన ఇంటికి: బయట రాజీ, 5 లక్షల దారి, పూర్తి కేసు. ఏది మేలు?

నెల్లూరులో ఒక వకీలు దగ్గర 19 ఏళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. మా బీరువాలో సగం కట్టలు హైవేవే. కోవూరు, కొడవలూరు, కావలి, ఇటు వెంకటాచలం, నాయుడుపేట, ఇలా 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏ ఊరి పేరు చెప్పినా ఒక ఫైలు తీసి చూపించగలను. ఏ కట్ట విప్పినా అవే కాగితాలు: ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండిని పరీక్షించిన ఇన్‌స్పెక్టరు రిపోర్టు, చార్జిషీటు. అయినా ఒక ఇంటికి పాతిక లక్షలు, పక్క ఇంటికి రెండు లక్షలు ఎందుకు వచ్చాయంటే, చాలాసార్లు జవాబు మొదటి పది రోజుల్లోనే ఉంటుంది.

ఆ పది రోజులు మా ఇంట్లోనే చూడాల్సి వచ్చింది. మూడేళ్ల కిందట మా బావమరిది పోయాడు. రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్లు (నీటిలోకి గాలి కొట్టే యంత్రాలు) బాగుచేసేవాడు, 32 ఏళ్లు. రాత్రి పని ముగించుకుని బైకు మీద వస్తుంటే, మీడియన్ సందులోంచి రాంగ్ రూట్‌లో దూసుకొచ్చిన టిప్పర్ గుద్దింది. తొమ్మిదో రోజున టిప్పర్ యజమాని తరఫు మనిషి, ఊరి పెద్ద ఒకాయన కలిసి వచ్చారు. మిఠాయి దుకాణం సంచిలో 3 లక్షలు, వంద రూపాయల స్టాంపు కాగితం. మా చెల్లెలు (బావమరిది భార్య నాకు ఆ వరసే కదా) గడప లోపల కూర్చుని ఉంది. పెద్దాయన మెల్లగా, నిజంగా మంచి చెప్తున్నట్టే చెప్పాడు: ‘‘కేసులంటే పదేళ్లు తిరగాలమ్మా. ఇది చేతిలో డబ్బు. పిల్లలున్నారు, ఆలోచించుకో.’’

కాగితం నేను అడిగి తీసుకుని చదివాను. నాలుగో వరుసలో ఉంది: ‘‘సదరు ప్రమాదము కేవలము మృతుని అజాగ్రత్త వలననే జరిగినది.’’

బయట రాజీ అంటే ఇదే. డబ్బు ఇవ్వడం తప్పు కాదు, తీసుకోవడమూ తప్పు కాదు. పెద్దకర్మ ఖర్చు ఎదురుగా ఉంటుంది, ఆసుపత్రి అప్పు ఉంటుంది, ఆ పూటకు 3 లక్షలు కొండంత. కానీ ఆ వాక్యం కింద వేలిముద్ర పడిందంటే రేపు ట్రిబ్యునల్లో, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో, బీమా కంపెనీ వకీలు ముందు తీసేది ఆ కాగితాన్నే. పైగా టిప్పర్ యజమాని ఆశించే లాభమూ పూర్తిగా దక్కదు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసిన నేరం ఇరుపక్షాలూ కూర్చుని రాజీ చేసుకోగల నేరాల జాబితాలో లేదు, పోలీసు కేసు తన దారిన తాను నడుస్తుంది. మేము డబ్బులో 50 వేలు మాత్రం తీసుకుని, ‘కర్మ ఖర్చుల నిమిత్తం ఇచ్చిన సాయం’ అని తెల్ల కాగితం మీద రసీదు రాసిచ్చాం. స్టాంపు కాగితం వాళ్ల సంచిలోనే తిరిగి వెళ్లింది. పెద్దాయనకు నా మీద ఇప్పటికీ కోపమే.

ఇక చట్టం ఇచ్చే దారులు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు, పరిహారానికి సంబంధించిన భాగం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదన్న విచారణే లేదు. మనిషి పోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు. 166వ సెక్షన్ కింద వేసేదే మనం మామూలుగా కోర్టు కేసు అనేది. అందులో ఎదుటి బండిదే తప్పని రుజువు చేయాలి, పోయినవాడి సంపాదన ఎంతో చూపించాలి. రెండూ పుచ్చుకోవడం కుదరదు. 164 కింద డబ్బుకు ఒప్పుకుంటే 166 పిటిషన్ అంతటితో రద్దయిపోతుంది. బీమా కంపెనీ అధికారి ఆఫర్ కాగితంతో వచ్చినప్పుడు, అది ఏ సెక్షన్ కిందో చూడకుండా సంతకం పెట్టినవాళ్లు నాకు తెలుసు.

లెక్క వేస్తే గాని తేడా తెలియదు. మా బావమరిది నెలకు 15 వేలు సంపాదించేవాడు. సొంత పని చేసుకునేవాడు, 40 ఏళ్ల లోపువాడు కాబట్టి, సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పిన ప్రకారం రాబోయే రోజుల ఎదుగుదల కింద 40 శాతం కలపాలి: 21 వేలు. ఏడాదికి 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, మొత్తం నలుగురు అతని మీద ఆధారపడ్డారు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. 2009 నాటి సరళా వర్మ తీర్పు పట్టికలో 31 నుంచి 35 ఏళ్ల మధ్యవారికి గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చించాల్సిన అంకె, 16. హెచ్చిస్తే 30,24,000. అంత్యక్రియలు, భార్యాబిడ్డలు కోల్పోయిన తోడు లాంటి పద్దులు దీని మీద అదనం. సంచిలోని 3 లక్షలను ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

అదే లెక్క ఇంకొకరికి తిరగబడుతుంది. 62 ఏళ్ల మనిషి, గేదెల మీద నెలకు 6 వేలు, ఇంట్లో భార్య, పెళ్లికాని కూతురు. 60 దాటితే ఎదుగుదల కలపరు. ఏడాదికి 72 వేలు, సొంత ఖర్చుకు మూడో వంతు పోతే 48 వేలు, ఆ వయసుకు గుణకం 7. వచ్చేది 3,36,000. మిగతా పద్దులన్నీ కలిపినా 5 లక్షలు దాటడం కష్టం. ఈ ఇంటికి ఏళ్ల తరబడి వాయిదాలు ఎందుకు? 164 కింద దరఖాస్తు పెట్టుకోవడమే తెలివి. తప్పు పోయినవాడిదే అని పోలీసులు రాసిన చోట, సాక్షి దొరకని చోట కూడా నా ఓటు 164కే. సంపాదించే వయసు మనిషి, ఎదుటి డ్రైవరు మీద చార్జిషీటు, ఈ రెండూ ఉంటే మాత్రం 166 తప్ప మరోమాట వద్దు.

కేసు ఎక్కడ వేయాలన్నది చాలామందికి భయం. చెన్నై దగ్గర ప్రమాదం జరిగితే చెన్నై తిరగక్కర్లేదు, మీరు నివసించే చోటి ట్రిబ్యునల్లోనే వేయవచ్చు. నెల్లూరు వాళ్లు నెల్లూరులో, ఒంగోలు వాళ్లు ఒంగోలులో. భయపడాల్సింది గడువుకు: సవరించిన చట్టంలో ఆరు నెలలని రాశారు. ఏడూడి అయ్యాక చూద్దామనుకోవద్దు. ఇంకొకటి, మార్చురీ గేటు దగ్గర నిలబడి ‘వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటా’ అనేవాళ్లు. ఫలితంలో వాటా మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే నిషేధం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది, 15100కు ఫోను చేస్తే చాలు. ఈ మాట రాస్తున్నందుకు మా వకీలుగారు ఏమంటారో చూడాలి.

గుద్దిన బండి దొరకకపోతే దారి వేరు. మృతికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు, దరఖాస్తు రెవెన్యూ అధికారులకు ఇవ్వాలి. సొంత బైకు మీద తనంతట తాను జారిపడి పోతే ఎవరి మీదా కేసు ఉండదు. అప్పుడు పనికొచ్చేది పాలసీతోపాటు కట్టే యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా, 15 లక్షలది, అదీ చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే. పాలసీ కట్టేటప్పుడు ‘అది వద్దులే’ అని మిగుల్చుకునేది కొన్ని వందలు. ఇక పొగాకు పనులకు ట్రాక్టర్ ట్రాలీలో కూలీలను ఎక్కించే ప్రకాశం జిల్లా రైతులకు ఒక మాట. సరుకు బండిలో మనుషులను ఎక్కించారు కాబట్టి మాకు బాధ్యత లేదని బీమా కంపెనీ మొదటి వాయిదాలోనే అంటుంది. ఆ మాట నిలబడితే పరిహారం రైతు పొలం మీదకే వస్తుంది. అదే దూరానికి ఆర్టీసీ బస్సు టికెట్టు ఎంతో రైతులే లెక్క వేసుకోవాలి.

మళ్లీ మా ఇంటి కేసు. ప్రమాదం రోజున హెల్మెట్ బైకు అద్దానికి వేలాడుతూ ఉందని మహజరులో (పోలీసులు ప్రమాద స్థలం చూసి రాసే కాగితంలో) రాశారు. క్రాస్ ఎగ్జామినేషన్లో కంపెనీ వకీలు ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నాడు: తలకు దెబ్బ తగిలింది, హెల్మెట్ తలకు లేదు, కాబట్టి పరిహారంలో కోత పడాలి. అతను అడిగిన తీరు కటువుగానే ఉంది గానీ అడగదగిన ప్రశ్నే. గడ్డం కింద పట్టీ బిగించుకోవడానికి ఎంతసేపు పడుతుందని బోనులో నిలబెట్టి మా చెల్లెలిని అడిగాడు. ఆమె నా వైపు చూసింది.

పోయిన లోక్ అదాలత్‌కు (ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి కేసును రాజీ చేయించే చోటు) కంపెనీ 22 లక్షలకు దిగింది. లోక్ అదాలత్ అంటే సుఖం ఏమిటంటే అక్కడి అవార్డు, అంటే తీర్పు, మీద అప్పీలు లేదు, డబ్బు త్వరగా వస్తుంది. కష్టం ఏమిటంటే పెట్టిన అంకెలో కొంత వదులుకోవాలి. పిల్లల వాటాను వాళ్లు మేజర్లు అయ్యేదాకా బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు. చాలామంది దానికి చిరాకు పడతారు గానీ, ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చేది అదే. చుట్టాలు చేబదులు అడగలేని డబ్బు అది. తీర్పు దాకా వెళ్తే 30 లక్షలు రావచ్చు, హెల్మెట్ కోత పోయి 25 దగ్గర ఆగవచ్చు, ఆపైన కంపెనీ హైకోర్టుకు వెళ్లనూ వచ్చు. నేను 24 అడిగి, 23కి ఒప్పుకోమన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. ‘‘నా కొడుకు తప్పు లేదని జడ్జిగారి నోట వినాలి’’ అంది. వాయిదా వచ్చే నెలకు పడింది.