ప్రెయిరీవిల్ చెక్క చర్చి: పొగాకు కషాయం పూసిన గోడలు

అలబామాలో సెల్మా నుంచి హైవే 80 మీద పడమరకు వెళ్తుంటే, డిమాపొలిస్ ఇంకో పది మైళ్లుందనగా ప్రెయిరీవిల్ వస్తుంది. అక్కడి సెయింట్ ఆండ్రూస్ ఎపిస్కోపల్ చర్చికి ఒక పూట కేటాయించవచ్చు. ఎపిస్కోపల్ అంటే అమెరికా ఆంగ్లికన్లు, మన సీఎస్ఐకి దాయాదులు.

కట్టింది 1853-54లో. మొనదేలిన కమాన్లుండే యూరప్ చర్చి శైలి, రాతి గోథిక్‌ను పల్లెల్లో చెక్కతో ఎలా కట్టుకోవాలో చూపిస్తూ, న్యూయార్క్ ట్రినిటీ చర్చి రూపశిల్పి రిచర్డ్ అప్‌జాన్ 1852లో నమూనాల పుస్తకం వేశాడు. ఇది ఆ బాణీయే. పని నడిపిన వడ్రంగి మేస్త్రీలు పీటర్ లీ, జో గ్లాస్గో. ఇద్దరూ బానిసలు. లోపలి చెక్కకు ఆ రంగు పొగాకు కాడలు కాచిన కషాయంతో వచ్చిందే. పాత టేకు పెట్టె లోపల నిలబడ్డట్టుంటుంది. ఫ్లాష్ వేస్తే ఫోటోలో ఆ రంగంతా పాలిపోతుంది, వేయకండి.

బయట గోడ దగ్గరగా చూడండి. నిలువు పలకలు, వాటి సందులు మూస్తూ సన్నటి పట్టీలు. ఈ పద్ధతిలో పట్టీ మేకు సందులోంచే పోవాలి. రెండు పక్కల పలకల్లోకీ దిగితే, వానకు ఉబ్బి ఎండకు కుంచించుకునే చెక్క నిలువునా చీలుతుంది. పలకల అడుగు కోసలు నీరు పీలుస్తాయి, కుళ్లు మొదలయ్యేది అక్కడే. రాతి చర్చిలో కప్పు బయటికి తోసే బలాన్ని ఆపే ఊతగోడలు ఇక్కడ చెక్కవి, ఎక్కువగా అందానికే.

తలుపు మామూలుగా తాళం వేసే ఉంటుంది. లోపల చూడాలంటే ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే బయటి నుంచి, శ్మశానం నుంచి చూసి తిరగడమే. పెట్రోలు, బాత్రూమ్ పనులు డిమాపొలిస్‌లోనే ముగించుకోండి. అక్కడ హైవే మోటళ్లు ఒక రాత్రికి చాలు. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లడం మేలు. బస కూడా చరిత్రలో భాగంగా ఉండాలంటే సెల్మాలో నది ఒడ్డున 1837 నాటి సెయింట్ జేమ్స్ హోటల్ నయం.

సెల్మాకు నైరుతిలోని ఓల్డ్ కహాబా కూడా కలుపుకోండి. ఇదే బాణీలో కట్టిన సెయింట్ ల్యూక్స్ చర్చి అక్కడుంది. ఊరు ఖాళీ అయ్యాక 1878లో దాన్ని విప్పి మార్టిన్స్ స్టేషన్ అనే ఊరికి తీసుకెళ్లారు. ఈ శతాబ్దంలో ఆబర్న్ విశ్వవిద్యాలయం రూరల్ స్టూడియో ఆర్కిటెక్చర్ విద్యార్థులు మళ్లీ విప్పి వెనక్కి తెచ్చారు. రాతి చర్చి అయితే ఈ రెండు ప్రయాణాలూ సాగేవి కావు. వేసవిలో దోమలెక్కువ, ఉదయమే వెళ్లండి.