ఆయిల్ ఫిల్టర్ దగ్గర పొరపాటుకి పోయిన ఇంజన్: పని చేయించాక మూడేళ్ళు నడిపి చెబుతున్నది

మా 2015 స్విఫ్ట్ పెట్రోల్‌కి 2022 జూలైలో ఇంజన్ పని చేయించాను. అప్పటికి 61 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు లక్షా మూడు వేలు. అసలు ఇంజన్ విప్పాల్సిన బండే కాదది, సర్వీసుకిచ్చిన షెడ్డులో జరిగిన పొరపాటుకి పోయింది. అప్పుడు ఎవరిని అడిగినా ఒకటే మాట: "విప్పిన ఇంజన్ మళ్ళీ కుదురుకోదు, అమ్మేయ్." నేను అమ్మలేదు.

హైదరాబాద్ మియాపూర్‌లో ఇంటి దగ్గరి షెడ్డులో ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. మొత్తం సర్వీసు బిల్లు 4,200. మూడో రోజు తెల్లవారుజామున మా బావమరిదిని శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపడానికి గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. నార్సింగి దాటాక మీటర్లో ఎర్ర లైటు వెలిగింది, నూనె డబ్బా బొమ్మది. "బావా, ఏదో లైటొచ్చింది" అన్నాడు వాడు. ఫ్లైట్ టెన్షన్‌లో ఉన్నాను కదా, "దింపాక చూద్దాంలే" అన్నాను. రెండు కిలోమీటర్లు పోయామో లేదో, లోపల ఎవరో సుత్తి పట్టుకుని కొడుతున్నట్టు టకటకమని చప్పుడు. పక్కకి తీసి ఆపి, ఫోన్ లైటు వేసి చూస్తే బండి కింద ఆయిల్ ధారగా కారుతోంది. వాడికి ఫ్లైట్ పోయింది. ఆ సంగతి ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు ఎత్తుతారు.

ఆ ఎర్ర లైటు ఆయిల్ కాస్త తగ్గిందని చెప్పేది కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. అది వెలిగే సరికే బేరింగులకి ఆయిల్ అందక ఇనుము ఇనుముతో రాసుకుంటూ ఉంటుంది. పసుపు రంగు చెక్ ఇంజన్ లైటుతో ఇల్లు చేరొచ్చేమో గానీ, దీనితో వంద గజాలు కూడా పోకూడదు. ఇది నాకు పద్దెనిమిదేళ్ళు బండి నడిపాక తెలిసింది!

షెడ్డు ఓనర్‌కి ఫోన్ చేస్తే, "అన్నా, బండి ఇటే పంపియ్యి, నేను చూస్కుంట" అన్నాడు. పంపేవాడినే. మా ఆఫీసులో ఒకాయన ఆపాడు: "ఫిల్టర్ ముట్టుకోనివ్వకు. వేరే చోట, అతని ముందే విప్పించు." ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అసలైన సాయం ఆ ఒక్క మాటే. బండిని ప్లాట్‌ఫామ్ ఉన్న టోయింగ్ వాహనం మీద మల్లేపల్లిలో తెలిసిన మెకానిక్ దగ్గరికి చేర్చాను. షెడ్డు ఓనర్‌ని పిలిపించి, ఎక్కడా కట్ చేయకుండా వీడియో తీస్తూ విప్పించాను. ముందు ఓడోమీటర్, తర్వాత డిప్‌స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ. పొడిగా వచ్చింది. ఆ తర్వాత ఫిల్టర్.

ఫిల్టర్ చేతికొచ్చింది, దాని రబ్బరు రింగు దానికే ఉంది. మెకానిక్ ఇంజన్ వైపు వేలు పెట్టి తడిమి ఇంకో రింగు ఊడదీశాడు. అది పాత ఫిల్టర్‌ది. మార్చేటప్పుడు పాతది ఇంజన్‌కే అతుక్కుపోతే, చూడకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించారు. రింగు మీద రింగు రెండు రోజులు ఆగుతుంది, సిటీలో నెమ్మదిగా తిరిగితే కారదు కూడా. హైవే మీద ప్రెషర్ పెరిగాక ఒకటి పక్కకి జారి, మూడు లీటర్ల ఆయిల్ నిమిషాల్లో బయటికి పోతుంది. ఓనర్ మొహం చూశాను. పాపం, అతనికీ అప్పుడే అర్థమైంది.

అయినా బేరం మొదలెట్టాడు. "లైటొచ్చినంక ఎవరు నడపమన్నరన్నా?" న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళని అడిగితే, బండి దేనికీ గుద్దుకోలేదు, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి క్లెయిమ్ రాదన్నారు. ఓనర్ సెకండ్‌హ్యాండ్ ఇంజన్ వేయిస్తానన్నాడు. ఒప్పుకోలేదు. ఆ ఇంజన్ పూర్వచరిత్ర ఎవరికి తెలుసు? పైగా ఇంజన్ నంబరు మారితే ఆర్టీఓలో ఆర్సీ మీద ఎక్కించాలి, ఇన్సూరెన్స్‌లో మార్పించాలి, ఆ తిరుగుడంతా మనమే తిరగాలి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, షెడ్డు నుంచి ఉలుకూ పలుకూ లేదు. పని చేసింది రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు. బిల్లు, ఫోటోలు, మల్లేపల్లి మెకానిక్ రాసిచ్చిన కాగితం జతచేసి పదిహేను రోజులు గడువిచ్చాను. కన్స్యూమర్ కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ళ గడువుంది, లాయర్ తప్పనిసరి కాదు. ఫీజు మనం చెల్లించిన బిల్లును బట్టి ఉంటుంది, ఐదు లక్షల లోపైతే ఏమీ లేదు. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ఆన్‌లైన్‌లో కేసు వేయడానికి అప్పట్లో ఈ-దాఖిల్ అనే పోర్టల్ ఉండేది, ఇప్పుడు ఈ-జాగృతి వచ్చింది. నాకు అంతదాకా పోవాల్సిన పని పడలేదు, పన్నెండో రోజు ఓనరే ఇంటికొచ్చాడు.

ఖర్చు 71,600 అయితే అతను 46 వేలు ఇచ్చాడు, మిగతాది నాది. "చూద్దాంలే" అన్నందుకు పాతిక వేలు. ఇంకా గట్టిగా పట్టుబట్టి ఉంటే ఎక్కువ వచ్చేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఏమో, నిజమే కావచ్చు. పని మాత్రం నేను చెప్పిన చోటే జరగాలన్నాను, అందుకు అతను అడ్డు చెప్పలేదు. క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) లేత్‌కి పంపి గ్రైండింగ్ చేయించి, దానికి తగ్గ సైజు బేరింగులు వేశారు. పిస్టన్ రింగులు, ఆయిల్ పంపు, టైమింగ్ చైన్ కిట్ కొత్తవి. చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి కడిగితే అడుగున ఇనుప రజను మెరుస్తూ కనిపించింది. ఆయిల్ దారులన్నీ శుభ్రం చేయకుండా బిగిస్తే ఆ రజను కొత్త బేరింగుల్నీ తినేస్తుందని మెకానిక్ అన్నాడు. ఆ ఒక్క పనికే రోజంతా పట్టింది.

మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎనభై దాటలేదు. వెయ్యికి ఆయిల్ మార్చాం. ఇప్పటిదాకా వచ్చిన తేడాలు చెబుతాను. మైలేజీ సిటీలో పద్నాలుగు, మునుపూ అంతే. పికప్‌లో నాకు తేడా తెలియదు. చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే ఒకటి రెండు సెకన్లు చిన్న చప్పుడు ఉంటుంది, అది మునుపు లేదు. ఐదు వేల కిలోమీటర్లకి పావు లీటరు దాకా ఆయిల్ తాగుతుంది. నెలకోసారి డిప్‌స్టిక్ చూడటం అలవాటైంది. విజయవాడకి ఏడెనిమిదిసార్లు, తిరుపతికి రెండుసార్లు వెళ్ళొచ్చాం, ఎక్కడా ఆగలేదు. "కుదురుకోదు" అన్నవాళ్ళ మాట నా బండి విషయంలో తప్పే. అయితే విప్పినవాడి చేతిని బట్టి ఉంటుంది, ఊరికే ధైర్యం చెప్పలేను.

ఆ షెడ్డుకి మళ్ళీ వెళ్ళలేదు. కోపం కాదు, ఓనర్ చివరికి మాట మీద నిలబడ్డాడు. రింగు వదిలేసిన కుర్రాడికి పట్టుమని పందొమ్మిదేళ్ళుండవు, ఆ రోజు ఒక్కడే నాలుగు బళ్ళు చూస్తున్నాడట. ఇప్పుడు నేను ఎక్కడ సర్వీసు చేయించినా పక్కనే నిలబడి, పాత ఫిల్టర్ చేతిలోకి తీసుకుని రింగు దానికే ఉందో లేదో చూస్తాను. మెకానిక్‌లు నవ్వుకుంటారు.

మొన్న ఒకాయన బండి చూడ్డానికి వచ్చాడు. వీడియో, బిల్లులు అన్నీ చూపించాను. ఇంజన్ విప్పారు కదా అని ముప్పై వేలు తగ్గించి అడిగాడు. ఇవ్వలేదు.