పెంచలయ్యా, పంచలాలా? మిలిటరీ రికార్డులో పేరు దిద్దించే పద్ధతి, ఏళ్ళ తరబడి వాడి చూశాక

పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్న కుర్రాడు 1960ల్లోనో 70ల్లోనో భర్తీకి వెళ్ళి వరసలో నిలబడ్డాడనుకోండి. రాసుకునే గుమాస్తా అలాంటి పేరు ఎన్నడూ విని ఉండడు. చెవికి ఎలా తగిలితే అలా రాస్తాడు. పెంచలయ్య పంచలాల్ అవుతాడు. మాల్యాద్రి రెండు ముక్కలై, మాల్య పేరుగా, ఆద్రి ఇంటిపేరుగా నిలిచిపోతాయి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నెంబరుతోనే పని నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ముప్పై నలభై ఏళ్ళు గడిచాక పెన్షన్ స్పర్శ్‌లోకి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థలోకి) మారి ఆధార్‌తో పేరు సరిచూసినప్పుడో, ఆయన పోయాక భార్య ఫ్యామిలీ పెన్షన్‌కి పెట్టుకున్నప్పుడో ఆ గుమాస్తా చెవి సంగతి బయటపడుతుంది.

కందుకూరు, కావలి, ఉదయగిరి, కనిగిరి వైపు మాజీ సైనికుల కాగితాలు రాసిపెడుతూ ఈ దిద్దుబాటు పద్ధతిని చాలాకాలంగా వాడుతున్నాం. పద్ధతి పనిచేస్తుంది, కాకపోతే నిదానం. పంపే కాగితాల కట్ట సరిగ్గా ఉంటే ఒక్క విడతలో అయిపోతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా కట్ట మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. ఆలస్యంలో ఎక్కువ పాలు అవతలి ఆఫీసుది కాదు, మన స్టాంపు పేపరు మీద టైపు కొట్టినవాడిది.

మొదట తేల్చుకోవాల్సింది తప్పు ఏ కాగితంలో ఉందన్నది. రికార్డు ఆఫీసులో ఉండే షీట్ రోల్ (సైనికుడి సర్వీసు వివరాలు రాసి ఉంచే అసలు కాగితం) తల్లివేరు. దాన్నిబట్టే డిశ్చార్జి బుక్కు రాస్తారు, పీపీఓకి (పెన్షన్ మంజూరు ఉత్తర్వుకి) వివరాలు పంపుతారు. షీట్ రోల్‌లోనూ డిశ్చార్జి బుక్కులోనూ పేరు సరిగ్గా ఉండి పీపీఓలో మాత్రం తప్పు పడితే అది టైపు పొరపాటు. రికార్డు ఆఫీసు వివరాలు మళ్ళీ పంపితే ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ ఆఫీసు నుంచి కొరిజెండం పీపీఓ, అంటే దిద్దిన పీపీఓ, వస్తుంది. ఎఫిడవిట్ గొడవ సాధారణంగా ఉండదు. షీట్ రోల్‌లోనే తప్పుంటే మాత్రం ముందు రికార్డు ఆఫీసు పార్ట్-టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పుని నమోదు చేసే ఉత్తర్వు) వేయాలి, ఆ తర్వాతే కొరిజెండం పీపీఓ. ఈ వరస తెలియక నేరుగా ప్రయాగ్‌రాజ్‌కే అర్జీలు పెట్టేవాళ్ళు ఎక్కువ. అవి చివరికి రికార్డు ఆఫీసుకే చేరతాయి, నెలలు పోయాక.

రికార్డు ఆఫీసు అందరికీ ఒకటి కాదు. ఈఎంఈ (మెకానికల్ ఇంజనీర్లు), ఏఓసీ (ఆర్డ్‌నెన్స్ కోర్) వాళ్ళవి సికింద్రాబాద్‌లో, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌ది బెంగళూరులో, ఆర్టిలరీది నాసిక్ రోడ్‌లో, సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో, మెడికల్ కోర్‌ది లక్నోలో ఉంటాయి. రెజిమెంట్ నుంచి రిటైరై మళ్ళీ డీఎస్సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) చేరినవాళ్ళకి రెండు సర్వీసులు, రెండు రికార్డు ఆఫీసులు, రెండోది కన్నూర్‌లో. ఒకచోట పేరు దిద్దితే రెండోచోట దానంతట అది మారదు. రెండుచోట్లకీ విడివిడిగా పెట్టుకోవాలి. సుబేదారు, నాయబ్ సుబేదారు హోదాలో రిటైరై వచ్చినవాళ్ళకి జేసీ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు) నెంబరు వేరు, సిపాయిగా ఉన్నప్పటి నెంబరు వేరు. అర్జీలో రెండూ రాయండి. నెంబరు చివరి అక్షరాన్ని వదిలేయకండి. అది అంకెల్లో తప్పు పడితే పట్టిచ్చే అక్షరం.

ఇంట్లో చేయాల్సిన పని ఒక్క పూటది. డిశ్చార్జి బుక్కు, మొదటి పీపీఓ, తర్వాత వచ్చిన కొరిజెండం పీపీఓలన్నీ, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు చాప మీద పరిచి, ఒక తెల్లకాగితం మీద ప్రతిదాంట్లోని పేరునూ ఇంగ్లీషు అక్షరం అక్షరంగా దింపుకోండి. సుబ్బయ్యకి బి ఒకటా రెండా? చివర ఏ-ఐ-ఏ-హెచ్ అని ఉందా, ఏ-వై-వై-ఏ అని ఉందా? రెడ్డి చివర వై ఉందా ఐ ఉందా? ఇంటిపేరు పొడి అక్షరమా, పూర్తిగా విప్పి రాశారా, ముందా వెనకా? చదివితే అన్నీ సుబ్బయ్యే. కంప్యూటరుకి మాత్రం నలుగురు సుబ్బయ్యలు.

ఇక ఏది దిద్దాలి? ఇక్కడ మా అభిప్రాయం కాస్త మొండిది. సైనికుడి పేరులో తేడా ఒకటి రెండు అక్షరాలదే అయితే రికార్డు జోలికి పోవద్దు, ఆధార్‌ని పీపీఓకి సరిపెట్టుకోండి. రోజుల్లో అయిపోతుంది. పంచలాల్ లాగా మనిషే మారిపోయిన పేరైతే రికార్డే దిద్దించాలి. పిల్లల సర్టిఫికెట్లలో తండ్రి పేరు, పొలం పాస్‌బుక్కులో పట్టాదారు పేరు అన్నీ పెంచలయ్య మీదే ఉంటాయి మరి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, పుట్టినతేదీకి ఒక్కసారే. తొందరపడి ముందే ఆధార్ మార్చేసి, అది పీపీఓకీ కుదరక, పాన్‌కీ కుదరక మూడో పేరుతో తేలినవాళ్ళున్నారు. ఏ కాగితం మార్చాలో తేలేదాకా ఆధార్ కేంద్రం మెట్లెక్కకండి.

సైనికుడి పుట్టినతేదీ మాట వేరు. భర్తీనాడు రాయించిన తేదీ మీదే సర్వీసు, రిటైర్మెంటు లెక్కలు నడిచాయి. పెన్షన్ వచ్చాక దాన్ని మార్చమంటే మార్చరు. ఆధార్‌లో జనవరి 1 అని పడి ఉంటే ఆధార్‌నే దిద్దుకోవాలి.

జిల్లా పేరు చూసి కంగారుపడేవాళ్ళకి ఒక మాట. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాగా పుట్టింది, 1972లో ప్రకాశం అయింది. అంతకుముందు భర్తీ అయినవాళ్ళ కాగితాల్లో కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి వాళ్ళకి నెల్లూరు జిల్లా అనీ, ఒంగోలు, అద్దంకి, చీరాల వాళ్ళకి గుంటూరు అనీ, మార్కాపురం, గిద్దలూరు వాళ్ళకి కర్నూలు అనీ ఉంటుంది. అది తప్పు కాదు, ఆనాటికి నిజం. 2022లో జిల్లాలు మళ్ళీ మారాయి. దీనికి ఎఫిడవిట్లు రాయించి డబ్బులు పోసుకోవద్దు. డిశ్చార్జి బుక్కులో ఊరు, పోస్టాఫీసు, తాలూకాతోపాటు దగ్గరి రైల్వే స్టేషన్ కూడా రాసి ఉంటుంది. సింగరాయకొండ అనో బిట్రగుంట అనో ఉన్న ఆ ఒక్క మాటే చాలాసార్లు ఊరిని రుజువు చేస్తుంది. అర్జీలో పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ ఒకే వాక్యంలో రాస్తే సరిపోతుంది.

ఎఫిడవిట్ దగ్గరే ఎక్కువ కట్టలు చెడతాయి. నోటరీ దగ్గర సరిపోతుందా, మేజిస్ట్రేటు ముందే కావాలా, గెజిట్ కూడా అడుగుతారా అన్నది రికార్డు ఆఫీసుని బట్టీ, పేరు ఎంత మారుతోందన్నదాన్ని బట్టీ ఉంటుంది. అందుకని ముందు ఒక ఉత్తరం రాసి వాళ్ళ కాగితాల జాబితా తెప్పించుకోండి. సాధారణంగా అడిగేవి ఎఫిడవిట్, రెండు పత్రికల్లో ప్రకటన (ఒకటి ఇంగ్లీషు, ఒకటి తెలుగు), డిశ్చార్జి బుక్కు, పీపీఓ, ఆధార్, పాన్ నకళ్ళు. కట్ట మొత్తం ఒంగోలులోనో నెల్లూరులోనో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా, అక్కడి అధికారి సంతకంతో పంపితే దానికి బరువుంటుంది. ఇది మేము ఎవరికైనా గట్టిగా చెప్పే మాట. మధ్యవర్తులకిచ్చే డబ్బు దండగ.

ఎఫిడవిట్‌లో నెంబరు, ర్యాంకు, యూనిట్, రికార్డులో ఉన్న పేరు, అసలు పేరు, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివన్న మాట, ఏ పేరు ఏ కాగితంలో ఉందో ఆ వివరం, ఇవన్నీ ఉండాలి. ఇక్కడ టైపిస్టుతో ఒక చిక్కుంది. పంచలాల్ అని రాసిస్తే, పాపం మంచికే అనుకుని, "ఇది తప్పు కదయ్యా" అని తనే పెంచల్‌లాల్ అని దిద్దేస్తాడు. తప్పు పేరు తప్పుగానే ఉండాలి, రికార్డులో ఎలా ఉందో అచ్చం అలాగే. ఇంకో అలవాటు, పోయినసారి వచ్చినవాళ్ళ ఫైలు తెరిచి పేర్లు మార్చడం. మూడో పేరాలో పాత మనిషి ఊరో తండ్రిపేరో మిగిలిపోతుంది. సంతకం పెట్టేముందు ఇంట్లో దింపుకున్న తెల్లకాగితం పక్కన పెట్టుకుని వేలుపెట్టి చదవండి. నోటరీ సీలు పేరు మీద పడకుండా చూడండి. జిరాక్సులో నల్లమచ్చే మిగులుతుంది.

ఎఫిడవిట్ తర్వాతే పత్రికా ప్రకటన, ఎందుకంటే ప్రకటనలో ఎఫిడవిట్ తేదీ రావాలి. ఆధార్ నెంబరు మాత్రం ప్రకటనలో వేయకండి. ముక్క కత్తిరించి పంపితే తేదీ ఎక్కడని అడుగుతారు. పత్రిక పేరు, తేదీ కనిపించేలా పూర్తి పేజీ పెట్టండి.

సంతకం సంగతీ చూసుకోవాలి. భర్తీనాడు తెలుగులో గీసినవాళ్ళు ఇప్పుడు ఇంగ్లీషులో పెడతారు, లేదా చేయి వణికి గీతలే మిగులుతాయి. సంతకం పక్కనే వేలిముద్ర కూడా వేయించి, డిశ్చార్జి బుక్కులో రాసి ఉన్న గుర్తింపు చిహ్నాలను (కుడి మోకాలి మీద మచ్చ లాంటివి) అర్జీలో యథాతథంగా ఎత్తి రాస్తే మనిషి అతడే అనడానికి ఆధారం గట్టిపడుతుంది.

భార్య పేరు, పుట్టినతేదీ మాత్రం ఆయన బతికి ఉండగానే దిద్దించాలి. ఆయన సంతకంతో పోయే అర్జీకి, ఆయన పోయాక ఆమె పెట్టుకునే అర్జీకి నడకలోనే తేడా ఉంటుంది. ఆ రోజుల్లో సెలవు మీద వచ్చి పెళ్ళిచేసుకుని వెళ్ళిన సిపాయి యూనిట్‌లో ఇంట్లో పిలిచే పేరు చెప్పేశాడు. ఆధార్‌లో వెంకట పెంచలమ్మ, రికార్డులో చిట్టెమ్మ. పుట్టింటి ఇంటిపేరా, మెట్టినింటిదా అన్న తేడా దానికి తోడు. పాత పీపీఓల్లో కొన్నింట్లో ఆమె పేరే ఉండదు. స్పర్శ్‌లో ఆమె పుట్టినతేదీ గడి ఖాళీగా ఉందేమో ఈ రోజే తెరిచి చూడండి. ఫ్యామిలీ పెన్షన్‌లో 80 ఏళ్ళు నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకి నూరు శాతం అదనం. ఆ పెంపు ఆమె పుట్టినతేదీ మీదే నడుస్తుంది. పెళ్ళి తాలూకు పార్ట్-టూ ఆర్డర్ అసలు పడకపోతే అది పేరు దిద్దుబాటు కాదు, పెళ్ళి రుజువు చేసే వేరే పని. దాన్నీ దీన్నీ ఒకే అర్జీలో కలపొద్దు.

పోస్టులో అసలు డిశ్చార్జి బుక్కు ఎప్పటికీ పంపకండి, అటెస్ట్ చేసిన నకలే పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసింది కాబట్టి స్పీడ్ పోస్టే. రసీదు అర్జీ నకలుకి కుట్టి ఉంచండి. ఎంతకీ జవాబు రాకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, షీట్ రోల్‌లో పేరు, భార్య పేరు ఉన్న పేజీల నకళ్ళు, అర్జీ మీద ఏం జరిగిందో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. నిజానికి దీన్నే మొదటి మెట్టుగా వాడుకోవచ్చు. షీట్ రోల్ పేజీ చేతిలో ఉంటే తప్పు ఎక్కడుందో ఊహించక్కర్లేదు. రాతమూలకంగా తిరస్కరిస్తే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చెన్నై బెంచి ఉంది, గడువు ఆరు నెలలు. పేరు తప్పు కోసం అంతదాకా వెళ్ళాల్సిన అవసరం అరుదు.

పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ళకి ఈ పద్ధతి పెద్దగా ఉపయోగపడదు. వాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళ తర్వాత తీసేస్తారు, లాంగ్ రోల్ అనే శాశ్వత జాబితాలో ఒక వరస మాత్రం మిగులుతుంది.

పని అయిందనడానికి గుర్తు ఫోను మెసేజీ కాదు, పార్ట్-టూ ఆర్డర్ నెంబరూ తేదీ. అది చేతికొచ్చాక కొరిజెండం పీపీఓ వస్తుంది. రాగానే మళ్ళీ ఆ తెల్లకాగితం తీసి అక్షరం అక్షరం సరిచూడండి, పంచలాల్‌ని దిద్దుతూ పెంచలియా అని కొట్టే టైపిస్టులు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు. బాగుంటే అప్పుడు ఈసీహెచ్ఎస్ కార్డు, మాజీ సైనికుల గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, చివర్న బ్యాంకు.